టెక్ సందేహాలు: ఒక్క గడి ఖాళీ అయితే మొత్తం మాయం

ప్రశ్న: మాది పలాస. జీడిపప్పు పరిశ్రమలో లెక్కలు చూస్తుంటాను. పనివారు రోజూ తూకం వేయించే గుండు (విరగని పప్పు), బద్ద, ముక్కల కిలోలను మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఫారంలో ఎక్కిస్తాను. ముక్క లేని రోజున ఆ గడిని వదిలేస్తే, పక్కనున్న ‘మొత్తం’ గడి కూడా ఖాళీ అయిపోతోంది. ఫారం అడుగున నెల మొత్తం వస్తోంది గానీ, చేతిపుస్తకంతో సరిపోవడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ఖాళీగా కనిపించే గడి కంటే, అంకె చూపిస్తున్న నెల మొత్తాన్నే మీరు ముందుగా అనుమానించాలి. ఏమీ నింపని గడిని డేటాబేస్ సున్నాగా తీసుకోదు. విలువ తెలియనిదిగా, అంటే ‘నల్’గా తీసుకుంటుంది. తెలియనిదానికి ఏది కలిపినా వచ్చేది తెలియనిదే కనుక, గుండు 10 కిలోలు, బద్ద 3 కిలోలు ఉన్నప్పటికీ ముక్క గడి ఖాళీ అయితే ఆ వరుసలోని ‘మొత్తం’ గడి ఖాళీగానే మిగులుతుంది. అడుగున మీరు బహుశా =సమ్([గుండు]+[బద్ద]+[ముక్క]) అని రాసి ఉంటారు. సమ్ ఫంక్షన్ నల్ వచ్చిన వరుసను చప్పుడు చేయకుండా దాటేస్తుంది కాబట్టి, ముక్క లేని పాపానికి ఆ రోజు తూకం వేసిన 13 కిలోలూ లెక్కలోంచి జారిపోతాయి. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. చేతిపుస్తకం ఉండబట్టి మీరు పట్టుకోగలిగారు.

వరుసలోని ‘మొత్తం’ గడిలో =ఎన్‌జెడ్([గుండు],0)+ఎన్‌జెడ్([బద్ద],0)+ఎన్‌జెడ్([ముక్క],0) అని రాయండి. ఫంక్షన్ పేర్లను ఇంగ్లిష్ అక్షరాలతోనే (Sum, Nz) టైపు చేయాలి. నల్ ఎదురైతే దాని బదులు సున్నా అందించడమే ఎన్‌జెడ్ పని. అడుగు మొత్తానికి =సమ్([మొత్తం]) అని రాస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు; కానీ ఫారంలో అప్పటికప్పుడు లెక్కకట్టిన గడి పేరును సమ్ గుర్తించదు, దానికి టేబుల్‌లోనో, టేబుల్ నుంచి కావలసిన వివరాలను తీసిచ్చే క్వెరీలోనో ఉన్న ఫీల్డులే కావాలి. అందువల్ల పై సూత్రాన్నంతటినీ సమ్ బ్రాకెట్లలో మళ్ళీ రాయక తప్పదు.

ఇదే లెక్కను క్వెరీలో వేస్తే, ఎన్‌జెడ్ ఇచ్చిన ఫలితాన్ని యాక్సెస్ అక్షరాలుగా భావించే అవకాశం ఉంది. అంకెలు గడిలో ఎడమ అంచుకు చేరినా, వరుస పేర్చినప్పుడు 9 కంటే ముందు 10 వచ్చినా అదే గుర్తు. అప్పుడు ప్రతి ఎన్‌జెడ్‌నూ సీడీబీఎల్ (CDbl) ఫంక్షన్‌లో పెడితే అంకెగా మారుతుంది.

టేబుల్‌లోనే డిఫాల్ట్ విలువగా సున్నా పెట్టమని కొందరు సలహా ఇస్తారు. నాకది నచ్చదు. పాత రికార్డుల ఖాళీలు దానితో పూడవు సరికదా, ముక్క నిజంగా రాలేదా, మీరు ఎక్కించడం మరిచారా అన్న తేడా చెరిగిపోతుంది; తూకాన్ని బట్టి కూలి కట్టే చోట ఆ తేడా పనివారి డబ్బు.

సగటు చూపే గడిలో మాత్రం ఎన్‌జెడ్ వాడకండి. ఒకామె వారంలో ఐదు రోజులు 12, 14, 10, 13, 11 కిలోల గుండు తీసి, ఒక రోజు పనికి రాక ఆ గడి ఖాళీగా ఉందనుకుందాం. సగటు కట్టే ఏవీజీ (Avg) ఫంక్షన్ ఖాళీని వదిలేసి సగటు 12 అని చెబుతుంది. ఎన్‌జెడ్ తగిలిస్తే అదే 60 కిలోలను ఆరుతో భాగించి 10కి దించేస్తుంది.