ఎండిన వేపచెట్టు కొట్టేయాల్సిందేనా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ గేటు పక్కన పెద్ద వేపచెట్టు ఉంది. వానలు తగ్గాక కొమ్మల చివర్లన్నీ మాడిపోయి, చెట్టంతా మంటల్లో కాలినట్టు తయారైంది. చచ్చిపోయింది, కార్ల మీద పడకముందే కొట్టించేద్దాం అంటున్నారు అసోసియేషన్ వాళ్లు. నాకు మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: కొట్టనివ్వకండి. కనీసం ఉగాది వరకైనా ఆపించండి. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది కొమ్మలు చివర్ల నుంచి వెనక్కి ఎండుతూ వచ్చే తెగులు, డైబ్యాక్ అంటారు. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వస్తుంది, లేత చిగుళ్ల రసం పీల్చే టీ దోమ అనే పురుగు కూడా తోడైతే చెట్టు ఇంకా అధ్వానంగా కనిపిస్తుంది. 2021 నుంచి తెలంగాణలో ఊళ్లకు ఊళ్లే ఈ వేపచెట్లను చూసి భయపడ్డాయి, కానీ వాటిలో చాలా చెట్లు ఎండాకాలం మొదట్లో మళ్లీ చిగురించాయి. మీ చెట్టు సంగతి తేలాలంటే కాస్త లావు కొమ్మ మీద బెరడు గోటితో గీకి చూడండి, లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. ఈ పరీక్ష అసోసియేషన్ వాళ్ల ముందే చేయండి, వాదన సగం అక్కడే తగ్గిపోతుంది.

నాకు ఆ తెగులు కంటే మొదలు చుట్టూ పోసిన సిమెంటు మీదే ఎక్కువ కోపం. మన కాలనీల్లో సీసీ రోడ్డు వేసేటప్పుడు కాండానికి ఆనించి మరీ కాంక్రీటు పోసేస్తారు, ఇక వేళ్లకు నీరూ గాలీ ఎక్కడివి? అలా నీరసించిన చెట్టు తెగులు తట్టుకోవడం కష్టం. చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఢిల్లీలో ఆదేశించింది. మీరూ అంత జాగా తవ్వించి, మట్టి గుల్ల చేయించి, వారానికోసారి నిండా నీళ్లు పెట్టించండి. ఎండు పుల్లలు పొడి వాతావరణంలో కత్తిరించి దూరంగా పడేయించండి. ఇళ్ల మధ్య అంత ఎత్తు చెట్టుకు మందు కొట్టించమని మాత్రం నేను చెప్పను, అది పిల్లల మీదా పడుతుంది, కాయల కోసం వచ్చే కోయిలల మీదా పడుతుంది.

కాండం బోలుగా మారినా, చెట్టు ఒక పక్కకు ఒరుగుతున్నా అది వేరే విషయం, అప్పుడు అటవీ శాఖ వాళ్లను పిలిచి చూపించాల్సిందే. అంతేగానీ సొంత స్థలంలో ఉన్నా అనుమతి లేకుండా కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఒప్పుకోదు, ఈ మాట మీటింగులో గట్టిగానే చెప్పండి.