షాపు తీసుకున్నది 5,000, వడ్డీ తీసుకున్నది 33,000

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా వారు ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 24,000. నేను ఇంట్లో బట్టలు కుడతాను, నెలకు 7,000 దాకా వస్తుంది. ఇద్దరు పిల్లలు, అత్తగారు మాతోనే ఉంటారు. 2020 లాక్‌డౌన్‌లో సూపర్ మార్కెట్ వాళ్లు నూనె, పప్పులు, సబ్బులు అన్నిటి ధరలూ పెంచేసి మమ్మల్ని దోచుకున్నారు. ఆ మూడు నెలలు గడవక తెలిసినాయన దగ్గర 5 రూపాయల వడ్డీకి 30,000 తెచ్చాం. తీర్చడానికి 22 నెలలు పట్టింది. ఇప్పుడు మళ్లీ ఏదో వైరస్ అంటూ వాట్సాప్‌లో వార్తలు తిరుగుతున్నాయి, ధరలు కూడా పెరుగుతున్నాయి. ఈసారి మోసపోకూడదని నా బంగారం కుదువ పెట్టి 70,000 తెచ్చి, నాలుగు నెలల సరుకులు, ఒక డీప్ ఫ్రీజర్ కొనాలనుకుంటున్నాం. బంగారం ఎందుకు, యాప్‌లో పది నిమిషాల్లో డబ్బు పడుతుంది అంటున్నాడు మా మరిది. ఏది మేలు? అప్పట్లో దోచుకున్న షాపు మీద ఇప్పుడు ఫిర్యాదు చేయొచ్చా?

జవాబు: అమ్మా, రెండూ వద్దు. బంగారం బీరువాలోంచి తీయకండి. యాప్ జోలికి అసలే వెళ్లకండి. బరంపురం, రాయగడ, గుణుపురం వైపు నుంచి వచ్చే ఉత్తరాల్లోనూ ఇదే ఆలోచన కనిపిస్తోంది. అందుకే మీకు విడిగా రాయకుండా అందరికీ కలిపి ఇక్కడ జవాబిస్తున్నాను.

మీరు ఉత్తరంతో పాటు పంపిన లెక్కల పుస్తకం పేజీలు చూశాను. అప్పటి లెక్కలు ఇంత జాగ్రత్తగా దాచుకున్నవాళ్లు తక్కువ, మిమ్మల్ని మెచ్చుకోవాలి. లాక్‌డౌన్‌కు ముందు మీ సరుకుల ఖర్చు నెలకు 7,500. 2020 ఏప్రిల్‌లో 9,200, మేలో 9,400, జూన్‌లో 8,900 అయింది. మూడు నెలలకూ కలిపి మీరు అదనంగా కట్టింది 5,000. అదే పేజీలో ఇంకో పక్క రాసింది కూడా చూడండి. అప్పట్లో మీ వారి జీతం 18,000. స్కూలు సగమే ఇచ్చింది కాబట్టి మూడు నెలల్లో 27,000 రాలేదు. మీ కుట్టుపని ఆగిపోయి 12,000 పోయింది. అంటే ఇంటికి రావాల్సిన 39,000 రాలేదు. అప్పు చేయాల్సి వచ్చింది అందుకు. ధరలు ఒక్క రూపాయి పెరగకపోయినా మీరు ఆ వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కేవారే.

ఇక వడ్డీ. 30,000 మీద నూటికి ఐదు చొప్పున నెలకు 1,500, 22 నెలలకు 33,000. అసలు కాకుండానే! ఏడాదికి 60 శాతం వడ్డీ ఇది. షాపులో పోయిన 5,000 మీద ఇన్నేళ్ల తర్వాత కూడా మీకు కోపం చల్లారలేదు. వడ్డీగా పోయిన 33,000 గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట కూడా లేదు. మిమ్మల్ని తప్పు పట్టడానికి అనడం లేదు, చాలామంది ఇలాగే ఆలోచిస్తారు. నూనె ప్యాకెట్ మీద పెరిగిన పదిహేను రూపాయలు కౌంటర్ దగ్గరే కంటికి కనిపిస్తాయి. వడ్డీ ఇచ్చేటప్పుడు మాత్రం కష్టంలో ఆదుకున్నాడు కదా అనుకుంటాం.

షాపుల మీద మీ కోపం పూర్తిగా అన్యాయం అని నేను అనను. ఆ రోజుల్లో దోపిడీ నిజంగానే జరిగింది. జరిగింది కాబట్టే కేంద్ర ప్రభుత్వం 2020 మార్చి 13న మాస్కులను, శానిటైజర్లను నిత్యావసర వస్తువుల చట్టం కిందకు తెచ్చింది. మార్చి 21న రెండు పొరల మాస్కు 8 రూపాయలు, మూడు పొరలది 10, 200 మిల్లీలీటర్ల శానిటైజర్ 100 రూపాయలు దాటకూడదని గరిష్ఠ ధరలు పెట్టింది. ప్యాకెట్ మీద ఉన్న ఎమ్మార్పీ కంటే రూపాయి ఎక్కువ తీసుకున్నా నేరమే, అది మహమ్మారి కాలమైనా మామూలు రోజైనా.

కానీ మీరు పంపిన బిల్లుల్లో ఎమ్మార్పీ దాటిన వస్తువు ఒక్కటీ లేదు. అంతకుముందు ఎమ్మార్పీ మీద పది, పదిహేను రూపాయలు తగ్గించి ఇచ్చేవాళ్లు, ఆ తగ్గింపు ఎత్తేశారు. ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ కూడా ఆగిపోయింది. జనం మనసుకు అది దోపిడీగానే తోస్తుంది, చట్టం మాత్రం దాన్ని తప్పనదు. విడిగా తూచి అమ్మే పప్పు, బియ్యం, ఉల్లిపాయలకు ఎమ్మార్పీయే ఉండదు. మీది సరిహద్దు ఊరు. పాతపట్నం వైపు నుంచి, ఇచ్ఛాపురం వైపు నుంచి లారీ కదిలితేనే మీ దగ్గర సరుకు. సరుకు లారీలన్నిటినీ వదలమని మార్చి 29న కేంద్రం చెప్పినా డ్రైవర్లు, హమాలీలు లేక బళ్లు చాలాచోట్ల ఆగిపోయాయి. ఆ ఏడాది అక్టోబరు నాటికి దేశం మొత్తం మీద ఆహార పదార్థాల ద్రవ్యోల్బణం 11 శాతానికి చేరింది. ఒక్క షాపువాడు చేయగలిగిన పని కాదది. 2022లో నూనె ధర మండిపోయినప్పుడూ అంతే. అటు యుక్రెయిన్ యుద్ధం, దానికి తోడు ఇండోనేషియా ఏప్రిల్ 28 నుంచి దాదాపు నెల రోజులు పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. మీ వీధి చివరి షాపులో ఆ ధర కనిపించింది, అంతే.

ఫిర్యాదు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లాలి. 2020 నాటి వ్యవహారానికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇకముందు ఎవరైనా ఎమ్మార్పీ మించి అడిగితే బిల్లు తీసుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, లేదా తూనికలు కొలతల శాఖకు చెప్పండి. బిల్లు లేకుండా మాత్రం ఫిర్యాదు నిలబడటం కష్టం.

ఇప్పుడు మీ 70,000 సంగతి. సరుకులు నెలకు 9,000 చొప్పున నాలుగు నెలలకు 36,000, ఫ్రీజర్ 30,000, డబ్బాలకు, బండి కిరాయికి మిగతాది అని రాశారు. బంగారం మీద అప్పిచ్చే సంస్థ నెలకు నూటికి రూపాయిన్నర వడ్డీ చెప్పిందన్నారు. రేపటి నుంచే ధరలన్నీ 10 శాతం పెరిగాయనుకున్నా మీకు మిగిలేది 3,600. నాలుగు నెలల వడ్డీ 4,200. మిగిలే దానికన్నా కట్టేది ఎక్కువ. ఇందులో ఫ్రీజర్ కరెంటు బిల్లు, పురుగు పట్టిన రవ్వ, వాసన మారిన నూనె లెక్కలోకి రాలేదు. బ్యాంకులో అయితే వడ్డీ తక్కువ కదా అంటారేమో. తక్కువే. కానీ నాలుగు నెలల్లో విడిపించాలంటే నెలకు 17,500 అసలు కట్టాలి. సరుకులు కొనే పని తప్పినా మీ చేతిలో మిగిలేది నెలకు 16,000. అంటే నాలుగు నెలల్లో విడిపించలేరు. అప్పు ఏడాది దాకా సాగుతుంది, మళ్లీ తిరగరాస్తారు, చివరికి వేలం నోటీసు వస్తుంది. పైగా మీరు భయపడుతున్నట్టే మళ్లీ లాక్‌డౌన్ వచ్చి స్కూలు సగం జీతమే ఇస్తే, ఇంట్లో పప్పు డబ్బాలు నిండుగా ఉంటాయి గానీ అద్దెకు, అత్తగారి మందులకు రూపాయి ఉండదు. నెత్తిన కొత్త అప్పు ఉంటుంది. ఆపద వస్తుందని భయపడి, ఆపదలో అక్కరకొచ్చే బంగారాన్ని ముందే కుదువ పెట్టడం ఎంత తప్పో ఒకసారి నిదానంగా ఆలోచించండి.

మరిది చెప్పిన యాప్ గురించి గట్టిగానే చెబుతున్నాను. ఫోన్లో కాంటాక్టులు, ఫోటోలు అడిగే యాప్‌ను ఆ క్షణమే తీసేయండి. అవి అడగకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పిచ్చేది ఏ బ్యాంకో, ఏ సంస్థో చెప్పని యాప్ దగ్గర డబ్బు తీసుకుంటే వడ్డీతో ఆగదు, మీ బంధువులందరికీ ఫోన్లు వెళ్తాయి. సరుకుల కోసం ఆ పరిస్థితి తెచ్చుకోవద్దు. ఇంకో సంగతి. 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా బ్యాంకు అప్పులకు వాయిదాలు ఆపుకునే వీలిచ్చారు. ఆ ఆరు నెలలూ వడ్డీ నడుస్తూనే ఉంది, మాఫీ కాలేదు. మీ వడ్డీ వ్యాపారి దగ్గర ఆపాటి వెసులుబాటు కూడా మీకు లేదు. ఈసారి ఎవరో ఆదుకుంటారని లెక్కలు వేసుకోవద్దు.

మీకు కావలసింది అత్యవసర నిధి. నేను ఏ ఉత్తరానికి జవాబు రాసినా ఇదే చెబుతానని కొందరు పాఠకులు విసుక్కుంటారు. అయినా సరే, మళ్లీ చెబుతాను. 2020 మార్చిలో మీ ఖాతాలో 45,000 ఉండి ఉంటే రాని 39,000, పెరిగిన 5,000 రెండూ అందులోంచే గడిచిపోయేవి. మీ 33,000 మీ దగ్గరే ఉండేది. షాపు పేరు మీకు ఈపాటికి గుర్తు కూడా ఉండేది కాదు.

ఎంత కావాలి? తప్పనిసరి ఖర్చులు మాత్రమే లెక్కేద్దాం. సరుకులు 9,000, పాలు, కూరగాయలు 3,000, అద్దె 4,500, పిల్లల ఫీజులు, ట్యూషన్ 2,500, కరెంటు, గ్యాస్, ఫోన్ 1,800, మందులు 1,200. మొత్తం 22,000. ప్రభుత్వ ఉద్యోగం ఉన్నవాళ్లకైతే మూడు నెలలది చాలంటాను. మీ ఇంట్లో రెండు ఆదాయాలూ ఒకే దెబ్బకు ఆగిపోయేవే, 2020లో చూశారు కదా. అందుకని మీకు ఆరు నెలలది కావాలి, అంటే 1,32,000.

పెద్ద అంకెలా అనిపిస్తుంది, భయపడకండి. బ్యాంకులో 12,000 ఉన్నాయి. నెలకు 2,000 కట్టే 25 నెలల చీటీకి ఇంకా ఐదు వాయిదాలే ఉన్నాయి. ఖర్చులూ చీటీ పోగా నెలకు 7,000 మిగలాలి. అందులో 3,000 చిల్లర ఖర్చులకు వదిలేసి 4,000తో ఆర్‌డీ, అంటే బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్, మొదలుపెట్టండి. ఐదు నెలలకు 20,000. చీటీ చివరిదాకా ఉంచి తీసుకుంటే కమిషన్ పోగా 48,000 దాకా రావచ్చు. అంటే ఐదు నెలలకే 80,000 చేరుతుంది. చీటీ వాయిదా ఆగిపోతుంది కాబట్టి ఆ 2,000 కూడా కలిపి నెలకు 6,000 వేస్తే ఇంకో తొమ్మిది నెలల్లో పూర్తవుతుంది. పద్నాలుగు నెలలు. పాత అప్పు తీర్చడానికి మీకు 22 నెలలు పట్టింది. అదే ఓపిక ఈసారి మీ డబ్బు కోసం చూపించండి.

ఈ డబ్బు మీ ఇద్దరి పేరు మీద విడి ఖాతాలో ఉండాలి. ఏటీఎం కార్డు మీ వారి పర్సులో ఉండకూడదు. షేర్లలో వద్దు, బంగారంలో వద్దు, తెలిసినవాళ్లకు చేబదులుగా అసలే వద్దు. కొంత నగదు ఇంట్లో ఉంచండి, ఐదారు వేలు చాలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మీ గజపతి జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు పోతే ఏటీఎం పనిచేయదు, ఫోన్‌పే పనిచేయదు. మహమ్మారి వందేళ్లకు ఒకసారి వస్తుందేమో గానీ మీ వైపు తుపాను తరచూ వస్తుంది.

సరుకులు అసలు నిల్వ పెట్టుకోవద్దని నేను అనను. అప్పు లేకుండా పెట్టుకోండి. ఈ నెల ఐదు కిలోల బియ్యం ఎక్కువ, వచ్చే నెల రెండు లీటర్ల నూనె, ఆపై నెల కందిపప్పు. అలా పదిహేను, ఇరవై రోజుల నిల్వ ఇంట్లో ఎప్పుడూ తిరుగుతూ ఉంటే చాలు. పాతది ముందు వాడండి. అందరూ ఒక్కసారే నాలుగు నెలల సరుకు ఎత్తుకుపోతే షాపులో అరలు ఖాళీ అవుతాయి, ధరలు అందుకే ఇంకా పెరుగుతాయి. ఇంకొకటి, అన్నీ సూపర్ మార్కెట్‌లోనే కొనకండి. మీ వీధి కిరాణా కొట్టులో నెలకు కొంత కొని, ఖాతా ఎప్పటికప్పుడు తీర్చేయండి. లాక్‌డౌన్‌లో వడ్డీ లేకుండా సరుకు అరువిచ్చింది ఇలాంటి కొట్లవాళ్లే, అదీ ఖాతా సక్రమంగా ఉన్నవాళ్లకే.

బీమా గురించి ఒక్క మాట. మీ వారి పేరు మీద ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి జీవిత బీమా, 20 రూపాయల సురక్షా ప్రమాద బీమా బ్యాంకులో వెంటనే చేయించండి. మీరూ చేయించుకోండి. ఆరోగ్య కార్డులో అత్తగారి పేరు ఉందో లేదో చూడండి. మ్యూచువల్ ఫండ్లు, ఎస్ఐపీలు నిధి పూర్తయ్యాకే. ఫ్రీజర్ ఆ తర్వాత కావాలనిపిస్తే, నగదుతో.

ఈ నెల జీతం పడిన రోజే ఆర్‌డీ తెరవండి, పదో తేదీ దాకా ఆగితే మిగలదు. చీటీ పాట రోజున మీ వారితో పాటు మీరూ వెళ్లండి. ఎవరికో అవసరం వచ్చిందనో, పండగ వచ్చిందనో ఈ ఐదు నెలల్లోపు తగ్గించి పాడేస్తే పైన వేసిన లెక్కంతా తప్పుతుంది.