దిగుమతి సుంకం: హిందూపురానికి మేలు, ధర్మవరానికి కీడు?

ప్రశ్న: మాది ధర్మవరం, మూడు మగ్గాలున్నాయి. చైనా ముడి పట్టు మీద సుంకం ఎంత పెంచితే దేశంలో పట్టు పరిశ్రమ అంత బాగుపడుతుందని మా బావమరిది అంటాడు. ఆయనకు హిందూపురం పక్క పల్లెలో రెండెకరాల మల్బరీ తోట ఉంది. సుంకం పెరిగినప్పుడల్లా నా వార్పు (పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగు) ఖర్చు పెరగడమే నేను చూశాను. పండగకు కలిసినా ఈ వాదన తెగడం లేదు. మాలో ఎవరి మాట నిజం?
— ఒక పాఠకుడు, ధర్మవరం

జవాబు: ఇద్దరి లెక్కా సరైనదే. అయితే మీరిద్దరూ ‘దేశీయ పరిశ్రమ’ అనే ఒక్క మాటనే వాడుతూ రెండు వేర్వేరు పనుల గురించి మాట్లాడుతున్నారు. ఆయన దృష్టిలో పరిశ్రమ అంటే పట్టుగూడు, మీ దృష్టిలో చీర. ఆయన సరుకే మీ ముడిసరుకు కాబట్టి, ఆయనకు గొడుగు పట్టిన సుంకమే మీ నెత్తిన బరువవుతుంది.

ఈ తగువును ప్రభుత్వమూ తేల్చలేకపోయిందనడానికి ముడి పట్టు సుంకం చరిత్రే సాక్ష్యం. 2011 బడ్జెట్‌లో 30 శాతం నుంచి 5 శాతానికి దించారు. గూళ్ల ధర పడిపోయిందని రైతులు మొరపెట్టుకోవడంతో 2013లో 15 శాతం చేశారు. తర్వాత 10కి తగ్గించి, 2021 బడ్జెట్‌లో మళ్లీ 15కి తెచ్చారు. పదేళ్లలో ఇన్నిసార్లు మారే రేటును నమ్ముకుని గూళ్లనుంచి దారం తీసే రీలింగ్ యంత్రం కొనడానికి అప్పు చేసేవాడు ఎవరు? నా దృష్టిలో రేటు ఎంత అన్నదానికన్నా దాని నిలకడలేమి చేసిన నష్టమే ఎక్కువ.

సుంకం ధరలోకి ఎలా దిగుతుందో ఊహాలెక్కతో చూద్దాం. దిగుమతి పట్టు కిలో 5,000 రూపాయలకు రేవుకు చేరిందనుకోండి. 15 శాతం సుంకం, అంటే 750 రూపాయలు, ఖజానాకు పోతుంది. ఆ పట్టు 5,750కి అమ్ముడుపోతున్నప్పుడు, దానికి సాటి వచ్చే స్వదేశీ పట్టు ఉన్న వ్యాపారి 5,000కే ఇవ్వడు, తానూ ధరను అటువైపే జరుపుతాడు. అంటే దిగుమతి పట్టు వాడినా, సుంకమే లేని స్వదేశీ పట్టు వాడినా, భారం మీ మీదే పడుతుంది. రెండోదాంట్లో ఆ అదనపు మొత్తం ఖజానాకు పోకుండా వ్యాపారి, రీలరు, రైతు మధ్య పంపకమవుతుంది. హిందూపురం మార్కెట్ వేలంలో మీ బావమరిదికి దక్కేది అందులో ఒక వాటా మాత్రమేనని ఆయనకూ తెలిసే ఉంటుంది.

మరి నేతగాళ్లు చైనా పట్టును ఎందుకు వదులుకోలేరు? పడుగుకు పొడవుగా, ఒకే మందంతో, తెగకుండా సాగే పోగు కావాలి. అది బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాల పురుగు జాతి) గూళ్లనుంచి, అదీ మంచి రీలింగ్ యంత్రం మీద తీస్తేనే వస్తుంది. మన దగ్గర చాలాకాలం ఎక్కువగా పండింది సంకర జాతి గూడు. దాని దారం పేకకు (అడ్డపోగుకు) చక్కగా సరిపోతుంది కానీ, పడుగులో వేస్తే అతుకులు వేయడంతోనే సరిపోతుందని మీ మగ్గం మీద కూర్చునేవారే చెబుతారు. సుంకం గూడు ధర పెంచగలదు గాని పోగు నాణ్యతను పెంచలేదు. అందుకు రోగం లేని గుడ్లు, చాకీ (లేత) పురుగుల పెంపకం, తోటలో డ్రిప్పు, పల్లెకు దగ్గరగా ఆటోమేటిక్ రీలింగ్ కావాలి. ఇటీవలి సంవత్సరాల్లో రాయలసీమలో బైవోల్టిన్ పెంపకం పెరిగిందంటే, ఆ ఘనతలో ఎక్కువ భాగం ఇలాంటి ఏర్పాట్లకే ఇస్తాను.

నన్ను తీర్పు చెప్పమంటే, ఒక మోస్తరు సుంకాన్ని ముందే ప్రకటించిన గడువు దాకా కదపకుండా ఉంచి, వచ్చిన సొమ్మును రీలింగ్ మీద పెట్టి, ఆ తర్వాత మెట్టుమెట్టుగా దించమంటాను. నేసిన గుడ్డ మీద సుంకం మాత్రం దారం మీది సుంకం కన్నా ఎప్పుడూ ఎక్కువగానే ఉండాలి. అది తలకిందులైతే దారం బదులు గుడ్డే వచ్చి పడుతుంది, అప్పుడు మీ మగ్గమూ ఆగుతుంది, మీ బావమరిది గూడూ అమ్ముడుపోదు. పవర్‌లూమ్ చీరకు చేనేత పేరు తగిలించి అమ్మేవాళ్ల వల్ల మీకు జరిగే నష్టం వేరే సంగతి. దాన్ని ఏ కస్టమ్స్ అధికారీ ఆపలేడు.

ప్రశ్న: సుంకం కట్టేది ఎగుమతి చేసే దేశమే కదా, మనకెందుకు బాధ?
— ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: కాదు. రేవులో సరుకు విడిపించుకునే మన దిగుమతిదారే కడతాడు. విదేశీ అమ్మకందారు తన ధర కొంత తగ్గించుకుంటే భారంలో ఆ మేరకు పాలు పంచుకున్నట్టు; లేకపోతే అంతా ఇక్కడి కొనుగోలుదారుదే. అమెరికా 2018లో దిగుమతి వాషింగ్ మెషీన్ల మీద సుంకం వేస్తే అక్కడ వాటి ధర దాదాపు 12 శాతం పెరిగిందని ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. జంటగా అమ్ముడుపోయే బట్టలారబెట్టే యంత్రాల మీద సుంకమే లేదు, అయినా వాటి ధరా ఇంచుమించు అంతే పెరిగింది. అమెరికాలోనే వాషింగ్ మెషీన్లు తయారు చేసే ఫ్యాక్టరీల్లో కొన్ని ఉద్యోగాలు వచ్చిన మాటా నిజమే గాని, ఒక్కో ఉద్యోగానికి వినియోగదారులు చెల్లించిన మూల్యం ఏటా 8 లక్షల డాలర్ల పైమాటే.

ప్రశ్న: 2025లో పత్తి మీద సుంకం ఎత్తివేశారు. ఆదోని యార్డుకు పత్తి తెచ్చే మా గతి ఏమిటి?
— ఒక రైతు, ఆదోని మండలం

జవాబు: 2021 బడ్జెట్‌లో పత్తి దిగుమతిపై మొత్తం 11 శాతం భారం పెట్టారు. నూలు మిల్లుల ఒత్తిడితో 2022లో కొన్ని నెలలు ఎత్తివేశారు. 2025 ఆగస్టు 19న మళ్లీ ఎత్తివేసి, మొదట సెప్టెంబరు 30 వరకన్నది తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. ఆ ఆగస్టు 27 నుంచి మన సరుకుల మీద అమెరికా 50 శాతం సుంకం అమలు చేయడంతో, దుస్తులు ఎగుమతి చేసేవాళ్లను ఆదుకోవాలన్నది ప్రభుత్వ వాదన. ఆ వాదనలో బలముంది. కానీ పొడిగింపు పడిన కాలం చూడండి: మీ తొలి తీత యార్డుకు వచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే. మిల్లు యజమాని దిగుమతి బేళ్లకు ఆర్డరు పెట్టుకున్నాక జిన్నింగ్ వ్యాపారి మీ పత్తికి పోటీపడి వేలం పాడవలసిన అవసరమేముంది?

32 మిల్లీమీటర్లు మించిన అతి పొడవు పింజ పత్తికి 2024 ఫిబ్రవరిలోనే సుంకం తీసేశారు. అది మన దగ్గర తక్కువగా పండే రకం కాబట్టి, మిల్లుకు మేలు జరిగింది, మీకు పెద్దగా నష్టం లేదు. అలాంటి ఎంపికే న్యాయమైనది. అన్ని రకాలకూ ఒకేసారి తలుపులు తెరిచినప్పుడు మాత్రం మీకు మిగిలే ఆసరా మద్దతు ధర ఒక్కటే. 2025–26కు పొడవు పింజ పత్తికి క్వింటాలు 8,110 రూపాయలు. మద్దతు ధరకు కొనే కేంద్ర సంస్థ సీసీఐ (భారత పత్తి సంస్థ) తేమ 12 శాతం మించితే కొనదు కనుక, ఆరబెట్టిన తర్వాతే బండి కట్టండి.

ప్రశ్న: పెనుకొండకు కార్ల ఫ్యాక్టరీ వచ్చింది సుంకాల వల్లే అంటారు. అయితే సుంకం పెంచితే మా కొప్పర్తి పారిశ్రామికవాడలోనూ ఫ్యాక్టరీలు వరుసకట్టవా?
— ఒక నిరుద్యోగ యువకుడు, కడప

జవాబు: సుంకం ఒక కారణం, అంతవరకు నిజం. పూర్తిగా తయారైన కారును దిగుమతి చేస్తే అప్పట్లో కనీసం 60 శాతం సుంకం, విడిభాగాలుగా తెస్తే చాలా తక్కువ. అంత తేడా ఉన్నప్పుడు సుంకం గోడ బయట నిలబడడం కన్నా లోపలికొచ్చి కారు బిగించడమే కంపెనీకి లాభం. పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలోని ఆ ఫ్యాక్టరీ నుంచి కొరియా కంపెనీ కియా తొలి సెల్టోస్ కారు 2019 ఆగస్టులో బయటికొచ్చింది. అయితే ఆ గోడ దేశమంతటికీ ఒక్కటే. పెనుకొండనే ఎంచుకోవడానికి భూమి, గొల్లపల్లి రిజర్వాయరు నీళ్లు, బెంగళూరు రహదారి, చెన్నై రేవు కారణాలు. వెంట కొరియా విడిభాగాల కంపెనీలూ వచ్చాయి. అక్కడి కార్లు విదేశాలకూ పోతున్నాయి కనుక సుంకం గోడ చాటునే బతుకుతున్న ఫ్యాక్టరీ అని దాన్ని అనలేం. 1991కి ముందు ఇంతకన్నా ఎత్తైన గోడలుండేవి. వాటి వెనక కారు కోసం జనం ఏళ్ల తరబడి ఎదురుచూశారు గాని, కారు మాత్రం పెద్దగా మారలేదు.

ఫోన్ల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. ఫోను మీద సుంకం 2018లో 20 శాతానికి చేరింది; బిగింపు పని దేశంలోకి విరివిగా వచ్చింది. అదే సమయంలో లోపలి భాగాల మీదా సుంకాలు పేరుకుపోయి, బిగించే ఖర్చు పెరిగింది. అందుకే 2024 జనవరిలో కొన్ని విడిభాగాల మీద 15 నుంచి 10కి, ఆ జూలైలో ఫోను మీద 20 నుంచి 15కి దించారు. ముడిసరుకు మీద తక్కువ, తయారైన సరుకు మీద ఎక్కువ సుంకం: వంటనూనెలోనూ ఇదే కిటుకు. 2025 మే చివర ముడి నూనె మీద మొత్తం సుంకాన్ని 27.5 నుంచి 16.5 శాతానికి తగ్గించి, శుద్ధి చేసిన నూనె మీద 35.75ను అలాగే ఉంచారు. శుద్ధి మిల్లులకు పని దొరికింది. అనంతపురం వేరుశనగ రైతుకు మాత్రం చౌక పామాయిల్‌తో పోటీ ఇంకాస్త పెరిగింది.

కనుక కొప్పర్తికి కంపెనీ వస్తోందని వినగానే, పెట్టుబడి ఎన్ని వందల కోట్లో అడగడానికి ముందు, బిగించే పెట్టెలో ఎన్ని భాగాలు దేశంలో తయారవుతాయో, అచ్చులు, మూసలు చేసే టూల్‌రూమ్ ఉందో లేదో అడగండి. మీరు ఐటీఐ చదివి ఉంటే నాలుగు రాళ్లు ఎక్కువ దొరికే పని ఆ టూల్‌రూమ్‌లోనే ఉంటుంది.