సగం తిరిగి బిగుసుకున్న స్పార్క్ ప్లగ్: సమాధానం

ఇంజన్ వేడిగా ఉండగా స్పార్క్ ప్లగ్ విప్పుతుంటే, మూడో సిలిండర్‌ది సగంలో బిగుసుకుపోయిందని, ఏం చేయాలని ఒకరు రాసి అడిగారు. ఆ ప్లగ్ రెండు చుట్లు వదులై, ఆపైన కిర్రుమంటూ బిగుసుకుపోయిందంటే, దాని మరల (స్క్రూ గాట్ల) మధ్య కార్బన్ గానీ, ప్లగ్ కూర్చునే గుంటలోని ఇసుక గానీ ఇరుక్కొని ఉండాలి. ఇంజన్ వేడిగా ఉండగానే విప్పానని రాశారు కాబట్టి, ముందుగా దాన్ని పూర్తిగా చల్లారనివ్వండి.

1. గుంటలోకి గాలి కొట్టి దుమ్మును వెళ్లగొట్టండి. కళ్లకు అద్దాలు తప్పనిసరి.

2. ప్లగ్ మొదట్లో పెనెట్రేటింగ్ ఆయిల్ (సందుల్లోకి ఇంకి బిగుతు వదిలించే పలచని నూనె) నాలుగు చుక్కలు వేసి అరగంట ఆగండి.

3. చాలామంది వదిలేసేది ఈ మెట్టునే. విప్పే దిశలోనే బలంగా లాగకుండా, పావు చుట్టు విప్పి, బిగుతు తగలగానే కొంత వెనక్కి బిగించి, మళ్లీ విప్పుతూ ఓపికగా సాగాలి. ప్లగ్ ఉక్కుది, అది బిగిసే సిలిండర్ హెడ్ (ఇంజన్ పైభాగం) సాధారణంగా అంతకన్నా మెత్తనైన అల్యూమినియంది. పంతానికి పోతే చెడేది హెడ్‌లోని మరలే, ఆ ఖర్చు ముందు ప్లగ్ ధర ఏ మూలకూ రాదు.

4. కొత్త ప్లగ్‌ను రాట్చెట్ (తిప్పే పిడి) తగిలించకుండా, సాకెట్ (ప్లగ్‌ను పట్టే గొట్టం), ఎక్స్‌టెన్షన్ (దానికి తగిలించే పొడుగు కడ్డీ)లను వేళ్లతోనే తిప్పుతూ చివరిదాకా దించండి. వాషర్ ఉన్న కొత్త 14 మి.మీ. ప్లగ్‌కు ఆ తర్వాత అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు చాలు. వాషర్ లేని శంకు ఆకారపు ప్లగ్‌కు చుట్టులో పదహారో వంతే.

5. ప్లగ్‌కు కరెంటు అందించే కాయిల్‌ను తిరిగి పెట్టి, దాని కనెక్టర్‌ను టిక్కుమనేదాకా నొక్కండి. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు కాస్త పొగ వస్తే, అది లోపలికి జారిన ఆయిల్ కాలడం వల్లనే కావచ్చు.