కొత్త కంప్యూటర్‌లో రాతపనికి ఏది వేసుకోవాలి: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి బాబుకి,
అత్తయ్య ఆశీస్సులు.

మీ చెన్నైలోని రిచీ స్ట్రీట్‌కి వెళ్లి కంప్యూటర్ తెచ్చుకునే ముందే ఇది చదువు. కొట్లో "ఆఫీస్ కూడా వేసి ఇమ్మంటారా సార్" అని అడుగుతారు. వెంటనే తలూపకు. అది కొన్నాళ్లకు ఆగిపోయే ట్రయలా, ఏటా డబ్బు కట్టాల్సిన మైక్రోసాఫ్ట్ 365నా, ఒకేసారి కొనుక్కునే ఆఫీస్ హోమ్ 2024నా అని అడిగి, ఏదైతే అది బిల్లు మీద రాయించుకో. చందా గడువు తీరితే ఫైలు తెరిచి చదువుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు, ఒక్క అక్షరం మార్చలేవు. ఒకేసారి కొనేది ఒక్క కంప్యూటర్‌కే పనికొస్తుంది. దాన్ని నీ సొంత మైక్రోసాఫ్ట్ ఖాతాతోనే ఎక్కించు. కొట్టు కుర్రాడి ఖాతాతో ఎక్కిస్తే, రేపు విండోస్ మళ్లీ వేయాల్సి వచ్చినప్పుడు వాళ్ల చుట్టూ తిరగాలి. ఇక ఊరికే వేసిచ్చే దొంగ కాపీ వద్దే వద్దు. దాన్ని నడిపించడానికి ముందు యాంటీవైరస్ ఆపేస్తారు. బ్యాంకు పనులు చూసుకునే కంప్యూటర్‌కి అలా తలుపు తీసి పెట్టకూడదు, బాబూ.

నా సలహా: ముందు లిబ్రేఆఫీస్ వేసుకో. వర్డ్ లాంటి పనులన్నీ చేసే సాఫ్ట్‌వేర్, ఉచితం. 2010లో ఓపెన్ఆఫీస్ నుంచి విడిపోయి వచ్చింది, ఇప్పటికీ కొత్త కూర్పులు వస్తున్నాయి. దాని సొంత సైటు నుంచే దించుకో. సుమారు 350 ఎంబీ ఉంటుంది.

వేసిన మొదటి రోజే చాలామంది విసిగిపోయేది తెలుగు దగ్గర. ఇంగ్లీషు ఒక సైజులో, తెలుగు ఇంకో సైజులో వస్తాయి. తెలుగు, తమిళం లాంటి లిపులకు అది ఫాంటూ సైజూ విడిగా లెక్కపెట్టుకుంటుంది, అందుకే ఈ తేడా. టూల్స్‌లో ఆప్షన్స్ తెరువు. లాంగ్వేజెస్ భాగంలో జనరల్‌కి వెళ్లి, కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ ఎదురుగా టిక్కు పెట్టి తెలుగు ఎంచుకో. తర్వాత అదే ఆప్షన్స్‌లో రైటర్ (లిబ్రేఆఫీస్‌లో ఉత్తరాలు రాసే భాగం) కింద బేసిక్ ఫాంట్స్ సీటీఎల్ ఉంటుంది, సీటీఎల్ అంటే ఆ కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుటే. అక్కడ నిర్మలా యూఐ అనే ఫాంటు పెట్టి, సైజు 12 ఇవ్వు. మీ ఇంటికి ప్రత్యేకించి నిర్మలా ఎందుకంటే, పాప స్కూలు తమిళం, మీ నాన్న తెలుగు రెండూ ఆ ఒక్క గడిలోకే వస్తాయి. నిర్మలాలో రెండు లిపులూ ఉన్నాయి. మండలి, రామభద్ర అనే తెలుగు ఫాంట్లు చూడముచ్చటగా ఉంటాయి కానీ వాటిలో తమిళం లేదు. తమిళ వాక్యం రాగానే వేరే ఫాంటు దూరి వరసల ఎత్తు చెడుతుంది. మీ నాన్న ఒక్కడే రాసుకునే ఫైళ్లకు అవి నిక్షేపంగా వాడుకోవచ్చు.

టైపింగుకి విండోస్ సెట్టింగ్స్‌లో తెలుగు భాష చేర్చి, ఫొనెటిక్ కీబోర్డు తీసుకో. విండోస్ కీతో పాటు స్పేస్ నొక్కితే భాష మారుతుంది.

ఇప్పుడు ఒక పేజీ కొట్టు: స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం, ఉత్కృష్టం, లక్ష్మణుడు. కాగితం మీద ప్రింటు తీసి చూడు, తెరమీద చూసి వదిలేయకు. కింది వత్తులు తెగిపోతే లైన్ స్పేసింగ్ ఫిక్స్‌డ్‌గా ఉన్నట్టు. దాన్ని ప్రపోర్షనల్ చేసి 130 శాతం ఇవ్వు. కాగితం సైజు ఏ4 అవునో కాదో కూడా అప్పుడే చూసుకో. అమెరికా లెటర్ సైజు ఏ4 కంటే పొడవులో 18 మిల్లీమీటర్లు తక్కువ, అందుకే పేజీలు ఎక్కడో ఒకచోట విరుగుతాయి. జిరాక్స్ కొట్టుకి పంపేదేదైనా పీడీఎఫ్ చేసే పంపు. వాళ్ల దగ్గర నీ ఫాంటు ఉంటుందని నమ్మకం లేదు.

స్కూలు నుంచి వచ్చే వర్డ్ ఫైళ్లదే అసలు పరీక్ష. పట్టికలున్న ఫైలు ఒకటి తెరిచి పేజీలు లెక్కపెట్టు. నాలుగు పేజీలది ఐదైతే, చాలాసార్లు తప్పు ఫాంటుదే. 2023 నుంచి వర్డ్ ఆప్టోస్ అనే ఫాంటును ముందు పెడుతోంది. అది లేని కంప్యూటర్‌లో ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. నీ సొంత రాతలు లిబ్రేఆఫీస్ సొంత పద్ధతైన ఓడీటీలోనే దాచుకో, పంపేటప్పుడు మాత్రం వర్డ్ పద్ధతి డాక్ఎక్స్‌లో నకలు తీయి. అటూ ఇటూ మార్చినకొద్దీ పట్టికలు చెదురుతాయి.

ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే ఫైలు దిద్దాలంటే గూగుల్ డాక్స్‌కి మించింది లేదు. ఉచితంగా ఇచ్చే 15 జీబీ మాత్రం జీమెయిల్, ఫోటోలతో పంచుకోవాలి. నెట్ లేనప్పుడు పనిచేయాలంటే ఆఫ్‌లైన్ సౌకర్యం నెట్ ఉండగానే పెట్టుకోవాలి, డిసెంబరు వానల్లో వెతుక్కుంటే లాభం లేదు.

కరెంటు పోతే రాసింది పోకుండా చూసుకునే సంగతి కూడా చెప్పాలి. లిబ్రేఆఫీస్ ఆప్షన్స్‌లో లోడ్ సేవ్ కింద ఆటోరికవరీ పది నిమిషాలకోసారి అని ఉంటుంది, మూడు చేయి. పక్కనే ఉన్న బ్యాకప్ కాపీకీ టిక్కు పెట్టు.

మీ నాన్న పాత వ్యాసాలు "అను" అనే పేరున్న పాత తెలుగు ఫాంట్లలో ఉంటే ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా అవి నేరుగా తెలుగుగా తెరుచుకోవు. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతి) కావు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చిన ఫాంట్లు. కన్వర్టర్‌తో మార్చి, వత్తులు వరసగా సరిచూసుకోవాలి. అసలు ఫైలు మాత్రం చెరపకు.

నెల రోజులు ఇలా వాడి చూడు. కోడలి ఆఫీసువాళ్లు దిద్దుబాట్లతో పంపే ఫైళ్లు చెదిరిపోతూనే ఉంటే అప్పుడు ఆఫీస్ హోమ్ కొనండి, అది దండగ ఖర్చు కాదు. చెదరకపోతే ఆ డబ్బుతో మంచి కీబోర్డూ, చిన్న యూపీఎస్సూ తెచ్చుకోండి.

మీ అత్తయ్య