పులి-మేక ఆట: ముందు బండ మీద, తర్వాతే ఫోన్‌లో

చిన్నోడా,

పులి-మేక ఆటను ఫోన్‌లోకి తెస్తున్నావని తెలిసి సంబరమైంది. అప్పుడే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీ ఇన్‌స్టాల్ చేసి, వెనకాల అమ్రాబాద్ అడవి బొమ్మ పెట్టి, పులి మీసాలు దిద్దుతున్నావట, మీ అమ్మ చెప్పింది. మీసాలకేం తొందర? ల్యాప్‌టాప్ మూసి నాయనమ్మ దగ్గర కూర్చో. బండ మీద సుద్దముక్కతో గీయించుకొని, చింతగింజలతో నాలుగైదు ఆటలు ఆడు. ఆడేటప్పుడు వచ్చిన ప్రతి గొడవనూ నోట్‌బుక్కులో రాసుకో. నీ ప్లాన్ అక్కడి నుంచే మొదలు.

3 పులులు, 15 మేకలు అని అందరికీ తెలుసు. మరి మేకలన్నీ దించేదాకా ఏ మేకా కదలకూడదా? ఒక మేక మీద నుంచి దూకిన పులి అదే ఊపులో రెండోదాన్నీ దూకొచ్చా? ఎన్ని మేకలు పోతే పులి గెలిచినట్టు? పులీ మేకా అటొకసారి ఇటొకసారి జరుగుతూనే ఉంటే ఆట ఎప్పుడు తెగుతుంది? ఒక్కో ఇంట్లో ఒక్కో తీరుగా ఆడతారు. మనుషులైతే కొట్లాడుకొని తేల్చుకుంటారు, ఫోన్‌కు ఆ తెలివి లేదు. ప్రతిదానికీ జవాబు ముందే రాసిపెట్టు.

తర్వాత పటం సంగతి. చదరంగంలా అడ్డం, నిలువు లెక్క వేసి గళ్లలో ఇరికించాలని చూస్తావు, కుదరదు. పటం పైకొన కింది వరుసలో ఆరు చుక్కలుంటే, ఆ కొన నుంచి దిగే గీతలు నాలుగే. అందుకే 23 చుక్కలకూ నంబర్లు వేసి, ఏ చుక్క నుంచి ఏ చుక్కకు దారి ఉందో ఒక పట్టిక రాయి. పులి దూకడానికి ఇంకో పట్టిక: ఎక్కడి నుంచి, దేని మీదుగా, ఎక్కడికి. చేత్తో రాయడం విసుగే, కానీ ఆ రెండు పట్టికలుంటే సగం కోడ్ అయిపోయినట్టే.

ఎత్తు వెనక్కి తీసుకునే బటన్ పెడతావా లేదా? అదీ ఇప్పుడే తేల్చు. కావాలంటే ప్రతి ఎత్తునూ మొదటి నుంచీ వరుసగా దాచుకోవాలి. తర్వాత ఇరికిద్దాంలే అనుకుంటే రాసిందంతా పీకాల్సి వస్తుంది.

1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ వీడియో గేమ్ లెవెల్స్ కూడా ముందు గ్రాఫ్ పేపర్ మీద గీసినవే. అలాగని వంద పేజీలు రాయకు. నాలుగు పేజీలు దాటిందంటే కోడ్ రాయకుండా తప్పించుకుంటున్నావన్నమాటే. వేలితో మేకను జరిపితే చేతికి ఎలా ఉంటుందో కాగితం చెప్పదు, అది నడిపి చూడాల్సిందే. మొదట ఒకే ఫోన్ మీద ఇద్దరు ఆడేటట్టు చెయ్యి. ఆన్‌లైన్, నాణేలు, కంప్యూటర్‌తో ఆట వేరే పేజీలో రాసి పక్కన పెట్టు.

దసరాకు వచ్చేటప్పుడు నోట్‌బుక్కు మరిచిపోకు. మేకలు నావి.

నీ పెద్దమ్మ,
నల్లగొండ