పగలు తెరుచుకునే డ్రైవ్ రాత్రి ఎందుకు దొరకదు?

ప్రశ్న: మాది అకౌంట్లు రాసే చిన్న ఆఫీసు. లాప్‌టాప్ నుంచి రౌటర్ దగ్గరున్న నెట్‌వర్క్ డ్రైవ్‌కు వైఫై మీద రోజూ రాత్రి తొమ్మిదికి బ్యాకప్ వెళ్లేలా, ఫైళ్లు కాపీ చేసే విండోస్ కమాండ్ రోబోకాపీతో, చెప్పిన వేళకు పనులు నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టించుకున్నాం. మొదట్లో బాగానే నడిచింది. ఇప్పుడు చూస్తే పోయిన నెల నుంచీ ఒక్క ఫైలూ చేరలేదు. పగలు డ్రైవ్ నొక్కితే చక్కగా తెరుచుకుంటోంది. మధ్యలో లాప్‌టాప్ పాస్‌వర్డ్ మార్చామంతే, ఇంకేం ముట్టుకోలేదు. డ్రైవ్ పాడైందంటారా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: డ్రైవ్ పాడై ఉంటే పగలూ తెరుచుకోదు. అనుమానించాల్సింది మీరు మార్చిన ఆ పాస్‌వర్డ్‌నే. ‘యూజర్ లాగిన్ అయినా కాకపోయినా నడపాలి’ అనే ఎంపికతో టాస్క్ పెడితే విండోస్ ఆనాటి పాస్‌వర్డ్‌ను దాచుకుంటుంది. తర్వాత మీరు మార్చినా టాస్క్ దగ్గర పాతదే ఉంటుంది.

టాస్క్ షెడ్యూలర్ తెరిచి, కుడివైపున ‘ఎనేబుల్ ఆల్ టాస్క్స్ హిస్టరీ’ నొక్కండి. మామూలుగా అది ఆపేసి ఉంటుంది, అందుకే ఏ రాత్రి ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. ఇప్పుడు టాస్క్‌ను చేత్తో ఒకసారి రన్ చేసి హిస్టరీ చూడండి. 2147943726 అనే అంకె కనిపిస్తే యూజర్ పేరో పాస్‌వర్డో తప్పని అర్థం. టాస్క్ ప్రాపర్టీస్‌లో ఏదైనా చిన్న మార్పు చేసి ఓకే కొడితే పాస్‌వర్డ్ అడుగుతుంది. లాప్‌టాప్ తెరవడానికి కొట్టే నాలుగంకెల పిన్ అక్కడ పనికిరాదు, అకౌంట్ పాస్‌వర్డే ఇవ్వాలి.

దీన్ని సరిచేయడానికి వచ్చినవాళ్లు టాస్క్‌ను కొత్తగా పెడతామంటే ఒక మాట ముందే చెప్పండి: గమ్యంగా జెడ్ డ్రైవ్ అని, అంటే నెట్‌వర్క్ డ్రైవ్‌కు మీ లాప్‌టాప్‌లో పెట్టుకున్న అక్షరాన్ని, రాయొద్దు. ఆ అక్షరం మీరు లాగిన్ అయి ఉన్న సెషన్‌కే తెలుసు. వెనక నడిచే టాస్క్‌కు జెడ్ అనేదే ఉండదు, ‘దారి దొరకలేదు’ అని ఆగిపోతుంది. పగలు మీకు తెరుచుకుని రాత్రి టాస్క్‌కు దొరక్కపోవడానికి ఇది కూడా తరచూ కారణం. \\192.168.1.50\బ్యాకప్ తరహాలో పూర్తి అడ్రస్ రాయించండి. ఆ అంకెలు మీ డ్రైవ్‌వి అయి ఉండాలి, మారకుండానూ ఉండాలి. కరెంటు పోయి వచ్చాక రౌటర్ వేరే అంకె ఇచ్చే వీలుంది. రౌటర్ సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రస్‌లు పంచే ఏర్పాటు) కింద ‘అడ్రస్ రిజర్వేషన్’ ఉంటుంది. అందులో డ్రైవ్ మ్యాక్ అడ్రస్‌కు (ఆ పరికరానికి తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఒక అంకె కేటాయిస్తే ఎప్పుడూ అదే వస్తుంది.

రోబోకాపీ సంగతి కూడా చెప్పుకోవాలి. టాస్క్ షెడ్యూలర్‌లోని ‘లాస్ట్ రన్ రిజల్ట్’లో 1 కనబడితే చాలామంది ఫెయిలైందని కంగారు పడతారు. రోబోకాపీలో 1 అంటే ఫైళ్లు కాపీ అయ్యాయని. 7 దాకా ఫర్వాలేదు; 8, అంతకంటే ఎక్కువ వస్తేనే కొన్ని ఫైళ్లు వెళ్లలేదని. ఇంకో చిక్కు, ఏదైనా ఫైలు లాక్ అయి ఉంటే రోబోకాపీ ముప్పై సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ తెరిచిపెట్టి ఇంటికెళితే తెల్లవార్లూ ఆ ఒక్క ఫైలు దగ్గరే నిలబడిపోవచ్చు. కమాండ్ చివర /ఆర్:3 /డబ్ల్యూ:10 స్విచ్‌లు చేర్పిస్తే మూడుసార్లు చూసి ముందుకు పోతుంది.

రాత్రి తొమ్మిది అనే సమయమూ మాకు నచ్చలేదు. అప్పటికి లాప్‌టాప్ మూత మూసి ఉంటుంది, నిద్రలో ఉన్న యంత్రం బ్యాకప్ చేయదు. పైగా ‘కరెంటు మీద ఉంటేనే నడుపు’ అనే టిక్ కండిషన్స్‌లో ముందే పెట్టి ఉంటుంది. మధ్యాహ్నం భోజనాల వేళ సాఫ్ట్‌వేర్ మూసేసి, ఛార్జర్ పెట్టి, ఒకటిన్నరకు నడిచేలా మార్చండి. సెట్టింగ్స్‌లో ‘తప్పిపోయిన టాస్క్‌ను వీలైనంత త్వరగా నడుపు’ అనే దానికి టిక్ పెట్టండి.

ప్రశ్న: ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు కలిపి 300 జీబీ ఉన్నాయి. రౌటర్ యూఎస్‌బీకి పెట్టిన పోర్టబుల్ డిస్క్‌కు మొదటి బ్యాకప్పే పూర్తి కావడం లేదు. సగంలో డిస్క్ మాయమవుతోంది. కరెంటు పోతే మళ్లీ మొదటికి.
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మొదటి బ్యాకప్‌కు వైఫై వాడొద్దు. గోడలు, స్లాబు దాటి వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద సెకనుకు 5 ఎంబీ వస్తోందనుకుంటే 300 జీబీకి పదహారు గంటల పైనే. అంతసేపు తెగకుండా నడిచే అవకాశం తక్కువ. డిస్క్‌ను నేరుగా కంప్యూటర్‌కు పెట్టి మొదటి కాపీ చేసుకుని, తర్వాత రౌటర్‌కు మార్చండి. ఇక రోజూ వెళ్లేది కొత్త ఫైళ్లే కనుక వైఫై సరిపోతుంది. మొదటి కాపీలోని ఫోల్డర్ల పేర్లు, దారి బ్యాకప్ ఎక్కడ రాస్తుందో అచ్చం అలాగే ఉండాలి, లేకుంటే అన్నీ మళ్లీ పంపుతుంది.

డిస్క్ మాయమవడానికి పవర్ చాలకపోవడం కారణం కావచ్చు. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది ప్రమాణం ప్రకారం 500 మిల్లీయాంపియర్లే, యూఎస్‌బీ 3 అయితే 900. పెద్ద ఫైలు రాసేటప్పుడు డిస్క్ టిక్కుటిక్కుమని ఆగుతుంటే సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెట్టండి. ఆగేది ఎప్పుడూ పెద్ద వీడియో దగ్గరేనా? అయితే డిస్క్ ఫార్మాట్ చూడండి. ఫ్యాట్32లో 4 జీబీకి మించిన ఫైలు పట్టదు. మీ రౌటర్ ఒప్పుకుంటే ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చాలి. ఫార్మాట్ చేస్తే డిస్క్‌లో ఉన్నదంతా పోతుంది, ముందే వేరే చోట కాపీ ఉంచుకోండి.

కరెంటు విషయానికొస్తే, రౌటర్‌కు, హబ్‌కు, కంప్యూటర్‌కు మూడింటికీ బ్యాకప్ పవర్ ఉండాలి. ఏ ఒక్కటి ఆరినా కాపీ తెగుతుంది. ఇన్వర్టర్ ఉంటే వెనకున్న స్విచ్ ‘యూపీఎస్’ మోడ్‌లో ఉందో లేదో చూడండి. రెండో మోడ్‌లో మార్పిడికి పట్టే ఆ కాస్త సమయానికే రౌటర్ రీస్టార్ట్ కావచ్చు.

ప్రశ్న: కొత్త విండోస్ 11 లాప్‌టాప్‌కు మా పాత నెట్‌వర్క్ డ్రైవ్ కనబడటం లేదు. ‘ఎస్‌ఎంబీ 1 ఆన్ చేసుకోండి’ అని షాపులో చెప్పారు. చేయొచ్చా?
– ఒక పాఠకుడు, దర్గామిట్ట, నెల్లూరు

జవాబు: చేయొద్దు. ఎస్‌ఎంబీ అంటే నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి (ప్రొటోకాల్), 1 దాని పాత వెర్షన్. 2017 మేలో ప్రపంచమంతా పాకిన, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ ఆ పాత ప్రొటోకాల్ లోపాన్ని పట్టుకునే వ్యాపించింది. డ్రైవ్ తయారీదారు ఇచ్చిన ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) వేసి, డ్రైవ్ సెట్టింగుల్లో ఎస్‌ఎంబీ 2 కానీ 3 కానీ ఆన్ చేయండి. పాస్‌వర్డ్ లేని ‘గెస్ట్’ ప్రవేశం మీద ఆధారపడకుండా డ్రైవ్‌లో ఒక యూజర్‌ను, పాస్‌వర్డ్‌ను పెట్టండి. ఆ సౌకర్యమే లేని డ్రైవ్ అయితే బ్యాకప్ పని నుంచి తప్పించండి.

ప్రశ్న: మా గ్రానైట్ యూనిట్‌లో బ్యాకప్ రోజూ సక్సెస్ అనే చూపిస్తోంది. ఇంకేమైనా చూసుకోవాలా?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: చూసుకోవాలి. నెలకోసారి మూడు ఫైళ్లు, అంటే నిన్నటిది, ఏడాది కిందటిది, అన్నిటికంటే పెద్దది, బ్యాకప్ నుంచి వేరే ఫోల్డర్‌లోకి తెచ్చి తెరిచి చూడండి. డేటా డి డ్రైవ్‌లో ఉండి బ్యాకప్‌లో డాక్యుమెంట్స్ ఫోల్డరే ఎంచుకున్నా ‘సక్సెస్’ అనే వస్తుంది. విండోస్ ఫైల్ హిస్టరీ కూడా లైబ్రరీలు, డెస్క్‌టాప్ లాంటివే తీసుకుంటుంది, వేరే చోటున్న ఫోల్డర్‌ను మీరే చేర్చాలి.

రోబోకాపీలో బ్యాకప్‌ను అసలు ఫోల్డర్‌కు అచ్చు నకలుగా ఉంచే ‘మిర్’ స్విచ్ వాడుతుంటే జాగ్రత్త. ఇక్కడ పొరపాటున తుడిచేసిన ఫైలు ఆ రాత్రే అక్కడా తుడిచిపెట్టుకుపోతుంది. పాత వెర్షన్లు దాచే సాఫ్ట్‌వేర్‌కు మారడం మేలు. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి కాబట్టి, పాతవి చెరిపి చోటు చేసుకునే సెట్టింగ్ ఉందేమో కూడా చూడండి.

కంప్యూటరూ నెట్‌వర్క్ డ్రైవూ ఒకే గదిలో ఉంటే నీళ్లొచ్చినా పిడుగు పడినా రెండూ కలిసే పోతాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుఫాను మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెండింటినీ తడిపేసింది కదా. అందుకే ఇంకో యూఎస్‌బీ డిస్క్ కొని, శనివారం సాయంత్రం కాపీ చేసి, ‘సేఫ్‌లీ రిమూవ్’ కొట్టి తీసి, ఆఫీసులో కాక ఇంట్లో పెట్టండి. వైరస్ వచ్చి నెట్‌వర్క్‌లో ఉన్నవన్నీ తాళం వేసినా, తీగ తీసేసి ఉన్న ఆ డిస్క్ జోలికి రాలేదు.